పాత టెలివిజన్ కార్యక్రమానికి ప్రసార చరిత్ర రాయడం ఎలా: ‘ది మంకీస్’ ఉదాహరణగా

కాకినాడలో ఇంజనీరింగు చదివి 1970లో అమెరికా వెళ్లిన మా మేనమామ, సెలవులకు అమలాపురం వచ్చినప్పుడల్లా అక్కడ తాను చూసిన ఒక హాస్య ధారావాహిక సంగతి చెప్పేవారు. నలుగురు కుర్రాళ్లు, సముద్రపు ఒడ్డున ఒక ఇల్లు, కథ నడుస్తుండగానే మధ్యలో పాటలు. పసిపాపను ఒళ్లో పెట్టుకుని శనివారాల్లో చూసేవాడినని, అది చిన్నపిల్లల కార్యక్రమమని ఆయన అనేవారు. ఆ పసిపాపే పెద్దదై వచ్చాక, అది తాను హైస్కూల్లో ఉండగా 1986లో ఎంటీవీ అనే కేబుల్ సంగీత ఛానల్‌లో వచ్చిందని, పడుచువాళ్లు చూసేదని తండ్రితో వాదించింది. పుస్తకాలు తెరిస్తే అది 1966లో సోమవారం రాత్రుల్లో ఎన్‌బీసీ అనే అమెరికా దేశవ్యాప్త టెలివిజన్ నెట్‌వర్కులో మొదలైందని ఉంటుంది. ఈ మూడు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. మూడూ ఎలా నిజమవుతాయో తేదీలతో, వారాలతో చూపించే రచననే ప్రసార చరిత్ర అంటారు.

ఇటువంటి రచన చేయాలనే ఆసక్తి మన కోనసీమలోనూ, పశ్చిమ డెల్టాలోనూ చాలామంది యువకులకు ఉన్నట్లు గమనించాను. అయితే వారిలో ఎక్కువమంది కథాసంగ్రహం, నటుల జీవితాలు రాసి, ప్రసారం దగ్గరకు వచ్చేసరికి ‘1966 నుంచి 1968 వరకు ప్రసారమైంది’ అనే ఒక్క వాక్యంతో ముగిస్తున్నారు. ఆ వాక్యంలో తప్పు లేకపోయినా, ఒక కార్యక్రమం జనంలో ఎలా నిలిచిందో అందులో కనిపించదు. ‘ది మంకీస్’ అనే ఆ ధారావాహికనే ఉదాహరణగా తీసుకుని, ప్రసార చరిత్రను ఎలా కూర్చాలో కింద వివరిస్తున్నాను. ఇదే పద్ధతిని మన దూరదర్శన్ కార్యక్రమాలకు ఎలా వర్తింపజేయాలో చివర చెబుతాను.

ముందు పాయలను గుర్తించండి

అఖండ గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. నీరు ఒకటే అయినా, ఏ ఊరివాడు ఏ పాయలో స్నానం చేశాడో చెప్పకుండా ‘గోదావరిలో మునిగాడు’ అంటే భూగోళం పూర్తి కాదు. టెలివిజన్ కార్యక్రమం కూడా అంతే. తొలి ప్రసారం ఒకటే ఉంటుంది. ఆ తరువాత అదే నెట్‌వర్కులో వేసవి పునఃప్రసారం, వేరే నెట్‌వర్కులో వేరే వేళకు పునఃప్రసారం, ఊరూరి స్టేషన్లకు విడివిడిగా అమ్మే సిండికేషన్, కేబుల్ ఛానళ్లు, విదేశీ ప్రసారం అనే పాయలు పుడతాయి. పని మొదలుపెట్టే ముందు ఒక పొడవు నోటుపుస్తకం తీసుకుని ఒక్కొక్క పాయకు కొన్ని పేజీలు కేటాయించండి. ప్రతి పేజీలో వారంతో సహా తేదీ, ఛానల్ పేరు, అక్కడి స్థానిక వేళ, ప్రసారం తొలిదా మలిదా అన్నది, చూపిన ప్రతిలో ఏవైనా మార్పులున్నాయా అన్నది, ఆ సమాచారం ఎక్కడ దొరికిందన్నది రాసుకోవడానికి గడులు గీసుకోండి. చివరి గడిని ఖాళీగా వదిలేసే అలవాటు చాలామందిలో ఉంది. ఆరు నెలల తరువాత రెండు తేదీలు పొసగనప్పుడు మీకు ఆధారమయ్యేది ఆ గడి ఒక్కటే.

‘ది మంకీస్’ విషయంలో ముఖ్యమైన పాయలు ఇవి. ఎన్‌బీసీలో 1966 సెప్టెంబరు 12 నుంచి 1968 మార్చి 25 వరకు తొలి ప్రసారాలు జరిగాయి. మరో నెట్‌వర్కు సీబీఎస్‌లో 1969 సెప్టెంబరు 13 నుంచి 1972 వరకు శనివారాల్లో పునఃప్రసారాలు నడిచాయి. 1972 సెప్టెంబరు నుంచి 1973 వరకు మూడవ నెట్‌వర్కు ఏబీసీ కూడా వాటిని శనివారాల్లోనే చూపింది. 1975 నుంచి సిండికేషన్ మొదలైంది. 1986 ఫిబ్రవరి 23న ఎంటీవీ ఒక ఆదివారమంతా వరుసగా ఎపిసోడ్లను ప్రసారం చేసింది. బ్రిటన్‌లో బీబీసీ 1966 డిసెంబరు 31 నుంచే ప్రసారం ప్రారంభించింది. మా మేనమామ మునిగింది సీబీఎస్ పాయలో, ఆయన కూతురు మునిగింది ఎంటీవీ పాయలో.

తొలి ప్రసారాన్ని లెక్కకట్టడం

మూడు నెట్‌వర్కులలోనూ ముఖ్యమైన రాత్రి కార్యక్రమాలు దాదాపుగా రంగుల్లోకి మారిన 1966 శరదృతువులో, సోమవారం రాత్రి ఏడున్నరకు ఈ ధారావాహిక మొదలైంది. దీన్ని రూపొందించినవారు బాబ్ రాఫెల్సన్, బెర్ట్ ష్నైడర్. నిర్మించింది కొలంబియా పిక్చర్స్ వారి టెలివిజన్ విభాగమైన స్క్రీన్ జెమ్స్. 1965 సెప్టెంబరులో సినిమా వృత్తి పత్రికల్లో ప్రకటన ఇచ్చి, నాలుగు వందలకు పైగా వచ్చిన అభ్యర్థులను వడపోశారు. చివరకు నిలిచిన నలుగురు మికీ డొలెంజ్, డేవీ జోన్స్, పీటర్ టోర్క్, మైకేల్ నెస్మిత్. ఈ వివరాలు ప్రసార చరిత్రలో ఒక పేరాకు మించి అక్కరలేదు. మీ ఓపికను లెక్కల కోసం దాచుకోండి.

చాలా చోట్ల మొత్తం ఎపిసోడ్లు 58 అని ఉంటుంది: మొదటి సీజనులో 32, రెండవ సీజనులో 26. ఆ సంఖ్యను అలాగే ఎత్తి రాయకుండా క్యాలెండరుతో సరిచూడండి. 1966 సెప్టెంబరు 12 నుంచి 1968 మార్చి 25 వరకు, ఆ రెండు రోజులనూ కలుపుకుని, సోమవారాలు 81 ఉన్నాయి. కొత్త ఎపిసోడ్లు 58 కాబట్టి కొత్తది రాని సోమవారాలు 23 అని తేలుతుంది. ఇప్పుడు ఆ 23 ఎక్కడ ఉన్నాయో వెతకాలి. మొదటి సీజను 1967 ఏప్రిల్ 24న ముగిసింది. అప్పటివరకు 33 సోమవారాలు గడిచాయి, ఎపిసోడ్లు 32, కాబట్టి ఒక వారం తప్పింది. రెండవ సీజను 1967 సెప్టెంబరు 11న మొదలైంది. అక్కడి నుంచి ముగింపు వరకు 29 సోమవారాలు, ఎపిసోడ్లు 26, తప్పినవి మూడు. రెండు సీజన్ల నడుమ వేసవిలో 19 సోమవారాలున్నాయి. ఒకటి, మూడు, పందొమ్మిది కలిపితే 23. లెక్క సరిపోయింది కనుక మీ లెక్కింపులో పొరపాటు లేదని ధైర్యంగా చెప్పవచ్చు. ఎక్కడైనా ఒక్క వారం తేడా వచ్చి ఉంటే, ఎక్కడో లెక్క తప్పామని మనకు తెలిసేది; ఒక్కొక్క తేదీ సరైనదేనా అన్నది మాత్రం ఆధారాల్లోనే చూసుకోవాలి. దాళ్వాకు నీళ్లు వంతులవారీగా వదిలే రోజుల్లో మా నాన్నగారు వంతుల పట్టికను ఇలాగే వేళ్ల మీద లెక్కపెట్టి సరిచూసుకునేవారు. నాకు ఈ పద్ధతి అబ్బింది ఆయన దగ్గరే.

ఆ ఏడున్నర వేళను గురించి కూడా ఒక మాట రాయాలి. అమెరికాలో తూర్పు ప్రాంతానికి ఏడున్నర అయితే మధ్య ప్రాంతానికి ఆరున్నర. మొదటి ఏడాది అదే వేళకు సీబీఎస్‌లో ‘గిలిగన్స్ ఐలాండ్’, రెండవ ఏడాది ‘గన్‌స్మోక్’ వచ్చేవి. ఎదురుగా ఏ కార్యక్రమం ఉందో నమోదు చేయడం ప్రసార చరిత్రలో భాగమే, ఎందుకంటే ప్రేక్షకుడు ఒక వేళకు ఒక్క ఛానలే చూడగలడు.

ఇక్కడ తెలుగువారు తరచు చేసే ఒక పొరపాటును ప్రత్యేకంగా హెచ్చరించాలి. 1966 సెప్టెంబరు 12 సోమవారం రాత్రి ఏడున్నరకు న్యూయార్కులో తొలి ఎపిసోడు మొదలైనప్పుడు, మన డెల్టాలో మంగళవారం తెల్లవారుజామున ఐదు గంటలు. అంతమాత్రాన తేదీని 13గా మార్చి రాయకూడదు. ప్రసార తేదీ ఎప్పుడూ ప్రసారం జరిగిన చోటిదే. ఆ వేకువన మన ఊళ్లలో ఎవరూ దాన్ని చూడలేదు. అప్పటికి దేశంలో టెలివిజన్ ఢిల్లీలోనే ఉంది, అక్కడ అది 1959లో మొదలైంది. మనవారికి 1948 నుంచి ప్రసారాలు చేస్తున్న విజయవాడ రేడియో కేంద్రమే దిక్కు. హైదరాబాదు దూరదర్శన్ 1977లో గాని రాలేదు.

తీసిన వరుస, వేసిన వరుస

చిత్రీకరణ జరిగిన వరుసకూ ప్రసారమైన వరుసకూ పొంతన ఉండాలనే నియమం లేదు. ఈ ధారావాహికలో అన్నిటికంటే ముందు తీసిన పైలట్ ఎపిసోడు తెర మీదకు వచ్చింది పదవదిగా, 1966 నవంబరు 14న. తొలిరోజు ప్రసారమైనది ‘రాయల్ ఫ్లష్’ అనే ఎపిసోడు. దాని దర్శకుడు జేమ్స్ ఫ్రాలీకి 1967లో హాస్య విభాగంలో ఉత్తమ దర్శకత్వానికి, అమెరికాలో టెలివిజన్ కార్యక్రమాలకు ఇచ్చే ఎమీ పురస్కారం లభించింది. అదే ఏడాది ధారావాహికకు కూడా ఉత్తమ హాస్య ధారావాహికగా ఎమీ వచ్చింది. పట్టిక తయారుచేసేటప్పుడు రెండు వరుసలకు రెండు నిలువు గడులు పెట్టండి. ఒకే సంఖ్యతో సరిపెట్టాలని చూస్తే, పైలటును ఒకరు మొదటిదని, మరొకరు పదవదని రాసి, ఇద్దరి పట్టికలూ ఎప్పటికీ కలవకుండా పోతాయి.

పేరు దగ్గరదైనా వేరే కార్యక్రమాలను ఇందులో కలపకండి. 1969 ఏప్రిల్ 14న ఎన్‌బీసీలో వచ్చిన గంట నిడివి ప్రత్యేక కార్యక్రమం, 1987లో వేరే నలుగురితో తీసిన ‘న్యూ మంకీస్’ ధారావాహిక, 1997లో ఏబీసీలో వచ్చిన ప్రత్యేక కార్యక్రమం ఈ 58లో చేరవు. వాటికి చివర ఒక పేజీ ఇవ్వండి.

పునఃప్రసారాల దగ్గర ఆగి చూడండి

నా ఉద్దేశంలో అసలైన పని ఇక్కడే ఉంది. తొలి ప్రసారం గురించి ఎవరో ఒకరు ఎప్పుడో రాసే ఉంటారు. పునఃప్రసారాన్ని ‘మళ్లీ వేశారు’ అని తోసిపుచ్చుతారు. కానీ ఒక తరం తరువాత ఇంకొక తరానికి కార్యక్రమాన్ని చేర్చినది పునఃప్రసారమే.

సంగీత హాస్య ధారావాహికలో దీనికి అదనపు కారణం ఒకటి ఉంది. ‘ది మంకీస్’లో ప్రతి ఎపిసోడులోనూ పాటలుంటాయి, ఆ పాటల రికార్డులు బజారులో అమ్ముడవుతుంటాయి. అందుచేత 1967 వేసవిలో పాత ఎపిసోడ్లను మళ్లీ వేసినప్పుడు, కొన్నిటిలో పాత పాటను తీసి అప్పటి కొత్త పాటను అతికించారు. 1969 తరువాతి శనివారపు పునఃప్రసారాల్లోనూ, అప్పటికి కొత్తగా వచ్చిన పాటలను అలాగే చేర్చారు. కథ, సంభాషణలు, దృశ్యాలు అవే ఉండగా పాట మాత్రం వేరు. కాబట్టి ‘ఫలానా ఎపిసోడులో ఫలానా పాట ఉంది’ అని రాసేటప్పుడు అది ఏ ప్రసారంలోదో చెప్పి తీరాలి. మీరు చూసిన ప్రతిని బట్టి 1966లోనే ఆ పాట వినిపించిందని రాస్తే, అప్పటికి ఇంకా రికార్డే కాని పాటను ప్రసారం చేయించినవారవుతారు. దీన్ని పట్టుకునే ఉపాయం సులువైనదే. పాట రికార్డయిన సంవత్సరాన్నీ ఎపిసోడు తొలి ప్రసార తేదీనీ పక్కపక్కన పెట్టండి. పాట తరువాతిదైతే ఆ ప్రతి పునఃప్రసారానిదే.

మొదటి రెండేళ్లు రాత్రి పూట ఇంటిల్లిపాదీ చూసే వేళకు వచ్చిన కార్యక్రమం, శనివారానికి మారగానే పిల్లల కార్యక్రమాల పక్కన చేరింది. కథలో ఒక్క అక్షరం మారకపోయినా ప్రసార వేళ మారడంతో ప్రేక్షకులు మారారు. మా మేనమామ దాన్ని పిల్లల కార్యక్రమం అనుకోవడానికి కారణం ఇదే. వేళను నమోదు చేయమని ఇంతగా పట్టుబట్టడం ఇందుకోసమే.

సిండికేషన్ పాయ అన్నిటికంటే కష్టమైనది. నెట్‌వర్కు ప్రసారం ప్రధాన కాలువలాంటిది, ఒక లాకు దగ్గర నిలబడితే మొత్తం తెలుస్తుంది. సిండికేషనులో ఒక్కొక్క ఊరి స్టేషను విడిగా కొనుక్కుని తనకు వీలైన వేళకు, తనకు నచ్చిన వరుసలో వేసుకుంటుంది. అది బోదెల్లోకి మళ్లిన నీరు. అన్ని బోదెలనూ కొలవడం ఒకరి వల్ల అయ్యే పని కాదు. కాబట్టి ‘1975 నుంచి సిండికేషనులో లభించింది’ అని రాసి, మీకు పత్రికా ఆధారం దొరికిన రెండు మూడు నగరాల వివరాలు మాత్రమే ఇవ్వండి. ఎక్కువ ప్రకటనలకు చోటు చేయడం కోసం స్టేషన్లు ఎపిసోడ్లను కత్తిరించడం అప్పట్లో సాధారణమే కాబట్టి, నిడివి తెలిస్తే దానిని కూడా చేర్చండి. అరగంట వేళలో అసలు ఎపిసోడు దాదాపు 25 నిమిషాలు ఉండేది.

1986 నాటి ఎంటీవీ ప్రసారం మరో విధమైనది. వారానికి ఒకటి చొప్పున రావడానికి బదులు ఒక్క రోజులో పదుల ఎపిసోడ్లు వరుసగా వచ్చాయి. ఆ తరువాత పాత ఆల్బమ్‌లు మళ్లీ అమ్మకాల పట్టికలకు ఎక్కాయి. డొలెంజ్, జోన్స్, టోర్క్ ముగ్గురూ అదే ఏడాది కచేరీలకు బయలుదేరారు. ఇటువంటి సందర్భంలో ‘ఫలితం’ అనే మాట వాడే ముందు తేదీల క్రమాన్ని ఒకసారి చూసుకోండి. ప్రసారం ముందు, అమ్మకం తరువాత అని తేదీలు చెప్పినప్పుడే ఆ మాట నిలుస్తుంది.

బ్రిటన్ పేజీలో రంగును కూడా నమోదు చేయండి. ధారావాహికను రంగుల్లో తీశారు, అమెరికాలో రంగుల్లోనే ప్రసారమైంది. బీబీసీ మొదటి ఛానల్‌కు మాత్రం 1969 నవంబరు వరకు రంగుల ప్రసారం లేదు. 1966 డిసెంబరు 31 శనివారం నాడు చూడటం మొదలుపెట్టిన బ్రిటిష్ పిల్లలకు అది నలుపు తెలుపుల కార్యక్రమమే.

ఆధారాలు ఎక్కడ, ఎంతవరకు

అమెరికా ప్రసారాలకు అప్పటి దినపత్రికల్లో వచ్చిన టెలివిజన్ పట్టికలు, టీవీ గైడ్ సంచికలు, ‘బ్రాడ్‌కాస్టింగ్’ వంటి వృత్తి పత్రికలు ఉపయోగపడతాయి. వాటిలో కొంత భాగం స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచారు. బ్రిటన్‌కు రేడియో టైమ్స్ పాత సంచికల పట్టికలను బీబీసీ తానే వెతకడానికి వీలుగా అమర్చింది. తెలుగు కార్యక్రమాలకైతే ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ వంటి పాత దినపత్రికలు, ఆకాశవాణి ప్రచురించిన ‘వాణి’ పత్రిక చూడాలి. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయానికి ఒక పూట వెళ్లి కూర్చుంటే, ఎక్కడో చూసిన తేదీని స్వయంగా సరిచూసుకునే అలవాటు మొదలవుతుంది.

అయితే అచ్చయిన పట్టిక ముందురోజు సంకల్పమే గాని మరునాటి వాస్తవం కాదు. తలకాలువ దగ్గర నీరు వదిలిన తేదీ ఒకటి, శివారు చేలకు నీరు అందిన తేదీ ఇంకొకటి. దేశాధ్యక్షుడి ప్రసంగమో, ఆటల పోటీయో, ప్రత్యేక కార్యక్రమమో వచ్చి ఆ రాత్రి ప్రసారం ఆగిపోవచ్చు. ఏదైనా ఊరి స్టేషను దానిని వేరే రోజుకు మార్చుకోవచ్చు. కనుక ఒక తేదీకి కనీసం రెండు ఆధారాలు, వీలైతే ఒకటి ప్రసారానికి ముందు అచ్చయినది, మరొకటి తరువాత అచ్చయినది, ఉండేటట్లు చూసుకోండి. రెండూ పొసగకపోతే రెంటినీ రాసి, మీరు దేన్ని ఎందుకు నమ్ముతున్నారో ఒక వాక్యంలో చెప్పండి.

పెద్దల జ్ఞాపకాలను సేకరించడానికి వేరే మెళకువ కావాలి. ‘ఏ సంవత్సరం చూశారు?’ అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మన డెల్టాలో ఎవరూ మరచిపోని గుర్తులు కొన్ని ఉన్నాయి, వాటిని పట్టుకుని అడగండి. ‘86 వరదకు ముందా, తరువాతా?’ అంటే 1986 ఆగస్టు నాటి గోదావరి వరద గుర్తుకు వచ్చి వెంటనే చెబుతారు. ‘96 తుఫానుకు ఇంట్లో కేబుల్ ఉందా?’ అంటే 1996 నవంబరు 6 రాత్రి కొబ్బరిచెట్లు నేలకొరిగిన సంగతితో పాటు, కరెంటు లేక టీవీ ఎన్నాళ్లు మూగబోయిందో కూడా చెబుతారు. పక్కింటి మామ్మగారు చెప్పినా, మీ సొంత తాతయ్య చెప్పినా, ఆ మాటను జ్ఞాపకంగానే నమోదు చేయండి, పత్రికలో దొరికిన తేదీతో కలిపేయకండి. జ్ఞాపకం తేదీని నిరూపించలేదు. ఆ కార్యక్రమం ఏ ఇంట్లో, ఎవరి మధ్య కూర్చుని చూశారో మాత్రం జ్ఞాపకమే చెప్పగలదు.

మన ఇంటి ఉదాహరణతో సాధన

పరాయి దేశపు ధారావాహికతో మొదలుపెట్టడం కష్టమనిపిస్తే, దూరదర్శన్ ‘రామాయణ్’ తీసుకుని ఇదే పద్ధతిలో ఒక పేజీ నింపండి. 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 వరకు ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చిన ఆ ధారావాహికలో ఎపిసోడ్లు 78. ఆ రెండు తేదీలనూ కలుపుకుని ఆదివారాలు లెక్కపెడితే 80 వస్తాయి. మిగిలిన రెండు ఆదివారాల్లో ఏం జరిగిందో పాత పత్రికల్లో వెతకడం మీ మొదటి అభ్యాసం. 2020 మార్చి 28 నుంచి కరోనా నిర్బంధ కాలంలో జరిగిన పునఃప్రసారం రెండవ పాయ. అది రోజూ ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి వచ్చింది. మీ ఇంట్లో తాతయ్య ‘ఆదివారం పొద్దున’ అని, పదేళ్ల పిల్లవాడు ‘రోజూ రాత్రి’ అని చెబితే, ఇద్దరి మాటనూ ఏ పేజీలో రాయాలో ఇప్పుడు మీకు తెలుసు.

పేజీలు నిండాక వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు పాయల వరుసలోనే రాయండి. తేదీ లేని వాక్యాన్ని తేదీ ఉన్న వాక్యం పక్కన పెట్టి చదివితే ఏది బలహీనమో మీకే కనిపిస్తుంది. నోటుపుస్తకాన్ని పారేయకుండా, మొదటి పేజీలో మీ పేరు, ఊరు, పని ముగించిన తేదీ రాసి, ఒక నకలును మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. మా మేనమామ చెప్పిన మాటలు నేను రాసుకున్న పుస్తకంలో ఆయన చెప్పిన తేదీ వేసుకోలేదు. ఆయన ఇప్పుడు లేరు. మీరు మాత్రం ఆ గడి నింపకుండా పెద్దల ఎదుట నుంచి లేవకండి.